శివారుకి చేరేదెంత?

పోయినేడు ఫస్టియర్ ఫిజిక్స్ సెమినార్‌కి చీటీ తీస్తే నాకొచ్చిన టాపిక్, థిన్ ఫిల్మ్ సోలార్ సెల్స్‌లో నష్టాలు. సంక్రాంతి సెలవుల్లో అరుగు మీద కూర్చుని పీపీటీ చేస్తుంటే తాతయ్య "ఏంట్రా అబ్బాయ్ అది?" అన్నాడు. "రీకాంబినేషన్ లాసెస్ తాతయ్యా" అన్నాను. ఆయన "ఓహో" అని ఊరుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం నాది. ఆ ఓహోతో నాకే విషయం అర్థం కాలేదని తెలిసిపోయింది.

మర్నాడు ఆయనతో పొలం వెళ్ళాను. మాది రాజోలు వైపు, కాలువ చిట్టచివర. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడని పుస్తకాల్లో చదివాను గానీ, మా బోదెలో ఆ రోజు పాదం తడిసేంత నీళ్ళే ఉన్నాయి. దాళ్వాకి రెండెకరాలు వదిలేశానన్నాడు తాతయ్య. "అక్కడ వదిలింది వదిలినట్టు మనదాకా రాదురా. దారిలోనే పోద్ది" అంటూ గట్టులో పీత బొరియలు, కాలువలో గుర్రపుడెక్క చూపించాడు.

అప్పుడు వెలిగింది. ఎండ అంటే ఆనకట్ట దగ్గర నీళ్ళు. కొంత సెల్‌లోకి రాకుండానే పోతుంది, కొంత వేడిగా మారిపోతుంది. ఒకే రకం పదార్థంతో చేసిన మామూలు సెల్ ఎంత బాగా చేసినా దాదాపు 33 శాతం దాటదు. ఆ లెక్కకి దారి చూపింది 1961లో షాక్లీ, క్వీసర్. అది ప్రకృతి పెట్టిన హద్దు. కానీ కాడ్మియం టెల్యురైడ్ సెల్స్ ల్యాబ్‌లో కూడా 23 శాతం దగ్గరే ఉన్నాయి. మధ్యలో ఆ పది శాతం ఏమైనట్టు?

చాలావరకు బొరియల్లోనే. ఆ పొర మందం రెండు మూడు మైక్రాన్లు. చిన్న చిన్న రేణువులు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. ఎలక్ట్రాన్లు తీగదాకా చేరకుండా ఆ అతుకుల దగ్గరా, పొర అంచుల్లోనూ ఇంకిపోతాయి. రీకాంబినేషన్ అంటే అదే. తీగల్లోని నిరోధం గుర్రపుడెక్క లాంటిది. అందుకే పొరకి కాడ్మియం క్లోరైడ్ పట్టించి వేడి చేస్తారు. అతుకులు బాగుపడి కరెంటు పెరుగుతుంది. ఎండ అంతే, పొరా అంతే, పూడ్చింది బొరియలు.

గట్టు మీద కూర్చుని ఇదంతా తెలుగులో చెప్పాను. తాతయ్య ఈసారి ఓహో అనలేదు. "మరి మన కాలవకి ఆ మందు ఎవరు పూస్తార్రా?" అన్నాడు.

నా స్లైడ్స్‌లో దానికి జవాబు లేదు. ఆ పూట ఇద్దరం పారలు తీసుకుని మా గట్టు మేరకు బొరియలు పూడ్చాం. పైన కాలువంతా అలాగే ఉంది.