లైటు వెలుగుతూనే ఉంది



పోయిన ఆదివారం రెండో పాట మధ్యలో తెర మీద అక్షరాలు నిలిచిపోవడం మీరందరూ చూశారు. పాటల పుస్తకం చేతిలో ఉన్న పెద్దమ్మలు పాడుతూనే ఉన్నారు. తెర చూసి పాడే యౌవనస్థులు ఆగిపోయారు. మౌసు కదిపాము, కదలలేదు. మీటలు నొక్కాము, జవాబు లేదు. ల్యాప్‌టాప్ చచ్చిపోయిందనుకున్నాము గాని, దాని పక్కనున్న చిన్న లైటు మాత్రం ఆగకుండా వెలుగుతూనే ఉంది.

ఆరాధన అయ్యాక ఇంజనీరింగు చదువుతున్న మన తమ్ముడు దాన్ని చూశాడు. "ఇది ఆగిపోలేదు అయ్యగారూ, ఊపిరాడనంత పనిలో ఉంది" అన్నాడు.

ఇందులో ర్యామ్ 4 జీబీ అట. అది వంటగట్టు లాంటిది. గట్టు నిండితే లినక్సు కొన్నిటిని డిస్కులో 'స్వాప్' అనే చోటికి పంపుతుంది, సామాను వెనకగదిలో పెట్టినట్టు. డిస్కు ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నిదానం. రెండూ నిండాక, ఒకటి తేవాలంటే ఇంకొకటి తీసెయ్యాలి. తీసేసిందే మరుక్షణం మళ్లీ కావాలి. ఇక మోతే తప్ప వంట లేదు. ఆ లైటు ఆ మోతదే. చివరికి లినక్సు ఏదో ఒక ప్రోగ్రామును చంపి మిగతావాటిని బతికిస్తుంది గాని, ఒక్కోసారి అది చాలా ఆలస్యంగా జరుగుతుందట.

"స్వాప్ పెంచితే సరిపోదా?" అని అడిగాము.

"కొంత ఊరటే గాని నిదానం పోదండీ. అక్కరలేనివి మూసెయ్యాలి."

వారమంతా మేము తెరిచి వదిలేసినవన్నీ అందులో అలాగే ఉన్నాయి. వాటి మీద పాటలు, వీడియో రికార్డింగు.

ప్రియులారా, ఆ మాట మాకు ఎందుకు తగిలిందో చెప్పాలి. అంతకుముందు శుక్రవారం ఒక సహోదరి ఎదురైతే "ఆయన ఆపరేషను ఎప్పుడమ్మా?" అని అడిగాము. "బుధవారమే అయిపోయిందండీ. నిన్న మీ ఇంటికొచ్చి చెప్పాను కదా" అంది, నెమ్మదిగానే. నిజమే, వచ్చింది. మేము ఎదురుగా కూర్చుని తల ఊపాము. మనసులో మాత్రం మందిరం స్లాబు లెక్కలు, శనివారం పెళ్లి, గృహకూటాల వరుస. లైటు వెలిగింది గాని ఆమె మాట లోపలికి రాలేదు.

మోషే ఉదయం నుండి సాయంకాలం దాకా ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీర్చేవాడు. అతడు సోమరి కాడు. అయినా ఆ పని మంచిది కాదని మామ యిత్రో చెప్పాడు, భారాన్ని పదిమందికి పంచమన్నాడు. మోషే మామ మాట విన్నాడు. నిర్గమకాండము 18వ అధ్యాయము ఈ వారం మీ ఇంట్లో చదవండి.

అందుకే స్లాబు లెక్కలు సంఘ పెద్దలకు అప్పగించాము. పాటల తెర ఆ తమ్ముడిది. గృహకూటాల వరుస స్త్రీల సమాజము చూసుకుంటుంది. నిన్న ఫోను ఇంట్లోనే పెట్టి ఆ సహోదరి ఇంటికి వెళ్లాము, క్షమించమని అడిగాము. ఆమె మొదటినుంచి మళ్లీ చెప్పింది. ఈసారి విన్నాము.

మనలో ఎవరి లైటు ఊరకే వెలుగుతోందో ప్రభువు చూపించును గాక. ఆమేన్.