మా గూడెం గ్రౌండు, ఐదు ఇప్పచెట్లు



నేను కరీంనగర్‌ల హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మాది ఉట్నూర్ ఏజెన్సీల చిన్న గోండు గూడెం. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదలు. అందుకే సెలవులకు ఇంటికి పోతే ఊర్ల కాగితాల పని అంతా నా మీదనే పడ్తది. పోయిన ఎండాకాలం అట్ల పడ్డ పని క్రీడా ప్రాంగణం.

మీకు తెలిసిందే, 2022ల ప్రతి ఊరికి తెలంగాణ క్రీడా ప్రాంగణం అన్నరు. దాదాపు ఎకరం జాగ, ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, లాంగ్‌జంప్ గుంత, కసరత్తుకు ఇనుప కడ్డీలు. పని ఉపాధి హామీల చేయాలె. మా ఊర్లో బోర్డు మాత్రం బాగా నిలబడ్డది. దానికి మేకలు వీపు రుద్దుకుంటయి. మొదలు చూపించిన జాగ అడవి హద్దు లోపల ఉండె. ఫారెస్టోళ్లు ఆపిన్రు, పని ఆగింది.

నేను అటవీ హక్కుల చట్టం తీసి చదివిన. 2006 చట్టంల సెక్షన్ 3(2) కింద బడి, అంగన్‌వాడీ, రోడ్డు, చెరువు అసొంటి 13 పనులకు గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమి ఇయ్యొచ్చు. అందుల కమ్యూనిటీ సెంటర్ ఉన్నది గని ఆటస్థలం లేదు. మన పిల్లలు ఆడుకుంటరని రాసినోళ్లకు యాదికి రాలేదేమో. దాంతో బీట్ ఆఫీసర్‌తోని కొట్లాడే పని లేదని తేలింది, వేరే జాగ చూడాలె అంతే.

ఆ వేరే జాగ ఊరి పక్కనే ఉంది, పంచాయతీది. దీపావళికి దండారి ఆడేది అక్కడనే. అండ్ల ఐదు ఇప్పచెట్లు ఉన్నయి. కాగితం మీద అంచనా ఏమంటది? ఎకరం మొత్తం చదును. అంటే చెట్లు పోవాలె. సర్పంచ్‌ల పదవీకాలం 2024 మొదట్లనే అయిపోయింది, అప్పట్ల ప్రత్యేకాధికారి ఎప్పుడో ఒకసారి వస్తుండె. మాట్లాడాల్సింది పంచాయతీ కార్యదర్శితోని. ఆయన మంచోడే, వయసుల నాకంటే ఎక్కువ పెద్దోడు కూడా కాదు. "తమ్మీ, ఐదు చెట్ల కోసం పని ఆపుకుంటరా? మళ్ల మీరే గ్రౌండ్ లేదంటరు" అన్నడు.

మా అవ్వకు ఈ మాట తెలుగుల చెప్తే అర్థమైంది, జవాబు మాత్రం గోండిలనే ఇచ్చింది. మార్చి, ఏప్రిల్‌ల తెల్లారకముందే గంప పట్టుకుని ఆ చెట్ల కిందికే పోతది. పువ్వు అయినంక పలుకు. ఉట్నూర్‌ల మన అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరని అందరు మెచ్చుకుంటరు గదా, ఆ పువ్వు రాలేది చెట్టు మీదకెళ్లే. ఆమె అన్నది నేను కార్యదర్శికి తెలుగుల చెప్పిన. కొంచెం మెత్తగ చేసి చెప్పిన, అది వేరే సంగతి.

నమ్మించింది మాత్రం టేపు. నేను, నా దోస్తులిద్దరు పొద్దున్నే పోయి కొలిసినం. కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. వాలీబాల్ 18, 9. ఖోఖో 27, 16. మూడు కలిపితే 724 చదరపు మీటర్లు. ఎకరం అంటే 4,047. చుట్టూ పరుగుకు ఖాళీ వదిలినా అర ఎకరం దాటదు. మిగిలిన అర ఎకరంల చెట్లు హాయిగ ఉండొచ్చు. గళ్ల కాగితం మీద గీసి, చెట్లకు చుక్కలు పెట్టి టెక్నికల్ అసిస్టెంట్‌కు చూపించిన. ఆయన చాలాసేపు చూసి, "కూలీ దినాలు కూడా తగ్గుతయి కదా" అన్నడు. అది ఆయన బాధ, మాకు కూడా బాధే, ఊరోళ్లకు పని కావాలె. అందుకే చుట్టూ వాన నీళ్లు పోయే కాలువ, మట్టి కట్ట కూడా కలిపినం.

మిగిలిన చెట్ల జాగను ఏం చేస్తరని అడిగిన్రు. అప్పుడు నేను డిస్క్ గోల్ఫ్ చెప్పిన. హాస్టల్‌ల ఫోన్‌ల చూసిన ఆట అది. ప్లేటు అసొంటి డిస్క్ విసిరి, గొలుసులు వేలాడే బుట్టల పడేయాలె, తక్కువ విసుర్లల్ల వేసినోడు గెలుస్తడు. 1975ల అమెరికా కాలిఫోర్నియాల ఓక్ గ్రోవ్ పార్కుల మొదటి కోర్సు పెట్టిన్రు, దాన్ని రూపొందించింది ఎడ్ హెడ్రిక్. ఆ ఆటల చెట్టు అడ్డం కాదు, చెట్టు ఉంటేనే ఆట. కొట్టేస్తే మజా ఏముంటది? కార్యదర్శి నవ్విండు, "గోల్ఫ్ అని రాస్తే పై ఆఫీసుల నన్ను ఏమనుకుంటరు తమ్మీ" అన్నడు. నిజమే. ఇనుప బుట్టలకు పైసలు యాడికెళ్లి వస్తయి? అందుకే కాగితంల ఆ ముక్క రాయలేదు. పాత సైకిల్ టైర్లు కొమ్మలకు కట్టినం. మేకులు కొట్టలే, తాడు మాత్రమే. చిన్న పోరగాళ్లు ప్లాస్టిక్ మూతలు విసురుకుంట ఆడుతున్నరు. ఆడపిల్లలే ఎక్కువ ఆడుతున్నరు, ఎందుకంటే వాలీబాల్ దగ్గరికి పెద్ద పోరగాళ్లు రానియ్యరు. ఈ లొల్లి ఇంకా తెగలేదు. పొద్దుమూకి ఒక గంట వాలీబాల్ ఆడపిల్లలకే అని పటేల్ తాత చెప్పిండు, మూడు రోజులు నడిచింది.

గ్రామసభల గీసిన కాగితం పెట్టి తీర్మానం రాయించినం. పెసా చట్టం 1996 ప్రకారం ఊరి పనుల ప్లాను పని మొదలుకాకముందే గ్రామసభ ఒప్పుకోవాలె. ఈ ముక్క నేను చెప్తే కార్యదర్శి ఏమీ అనలేదు, రిజిస్టర్ తెచ్చిండు. తీర్మానంల దండారి రోజుల్ల గ్రౌండు దండారిదే అని కూడా రాసినం. అది పెద్దమనుషులు పట్టుబట్టి రాయించిన్రు. నాకైతే అన్నిటికంటే అదే నచ్చింది.

1940లల్ల హైమెండార్ఫ్ కాలంల కేస్లాపూర్ నాగోబా జాతరల దర్బార్ పెట్టి, ఆఫీసర్లు మనోళ్ల గోస వినుడు మొదలైంది. దర్బార్ ఏడాదికి ఒక్కసారి. కార్యదర్శి ఆఫీసు వారంల చాలా రోజులు తెరిచే ఉంటది. పోవాలె, కుర్చీ లేకపోతే నిలబడాలె, కాగితం చేతుల ఉండాలె.

ఇప్పటికి కబడ్డీ, ఖోఖో గీతలు పడ్డయి, వాలీబాల్ స్తంభాలు పాతిన్రు. లాంగ్‌జంప్ గుంతల ఇసుక రాలేదు, వానకు నీళ్లు నిండి బర్రెలు పండుకుంటున్నయి. మీ ఊర్ల కూడా బోర్డు ఉండి గ్రౌండు లేకపోతే చెప్పండి. గళ్ల కాగితం ఫోటో, తీర్మానం నమూనా నా దగ్గర ఉన్నయి, పంపిస్త. టేపు మాత్రం 30 మీటర్లది తెచ్చుకోండి, చిన్నదైతే ఖోఖో కాడ తిప్పలైతది.