డెబ్బై దాటాక కోలీ

ఉత్తర ఇంగ్లండ్‌లో గొర్రెలు మేసే కొండల మధ్య పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. ఇక్కడ వయసు మళ్లినవాళ్లు కుక్క కావాలనుకుంటే చాలామంది మనసు గొర్రెలను కాసే కోలీ జాతి మీదికే పోతుంది. పొలాల్లో దాన్ని చూస్తూ పెరిగారు, లేదంటే కోలీయే కథానాయికైన 1943 నాటి ల్యాసీ సినిమా చూశారు. ఆ ఇష్టం నాకూ ఉంది. అందుకే ఏ కోలీ, ఎంత వయసుది అని తేల్చుకోకుండా సలహా ఇవ్వను.

ఒకరోజు తెలుగు దంపతులు వచ్చారు. ఆయన 1970ల్లో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో డాక్టరుగా చేసి రిటైరయ్యారు. లండన్‌లో ఉన్న కూతురు తోడుగా ఉంటుందని బోర్డర్ కోలీ పిల్లను కొనిచ్చింది. ఆవిడ ముంజేతుల నిండా గీతలు, కమిలిన మచ్చలు. రక్తం పలుచనయ్యే మాత్ర వాడుతున్నారట. మేం మాట్లాడుతుండగానే ఆ పిల్ల ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టి లాగుతోంది. అది పొగరు కాదు. కదిలేదాన్ని మడమల దగ్గర అదిలించి మళ్లించడం ఆ జాతి నెత్తురులోనే ఉంది. 1893లో నార్తంబర్‌లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క మొదలుకొని, మందను కాసే నేర్పు చూసే ఈ వంశాన్ని పెంచుకొచ్చారు. వీధి చివరిదాకా నడిపిస్తే దానికి చాలదు. బుర్రకు పని లేకపోతే సైకిళ్ల వెంట, కార్ల వెంట పడుతుంది.

లాగే కుక్కతో ముసలితనంలో ప్రమాదం చిన్నది కాదు. అమెరికాలో 65 దాటినవాళ్లు కుక్కను నడిపిస్తూ ఎముకలు విరిగి ఎమర్జెన్సీకి చేరిన కేసులు 2004లో సుమారు 1,671 ఉంటే, 2017లో 4,396కు పెరిగాయని అంచనా.

"డాక్టరుగారూ, ఇది పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది" అన్నాను. ఆయన మాట్లాడలేదు. ఆవిడే అడిగారు: "మా తర్వాత దీన్నెవరు చూస్తారు బాబూ?"

పిల్లను బ్రీడర్ వెనక్కి తీసుకున్నాడు. కొన్నాళ్లకు వాళ్లింటికి ఏడేళ్ల స్మూత్ కోలీ వచ్చింది, ఈతలు మాన్పించిన తల్లి కుక్క. పొట్టి బొచ్చు కాబట్టి వారానికోసారి దువ్వితే సరిపోతుంది. అదే రఫ్ కోలీ అయితే చెవుల వెనక, తొడల దగ్గర లోబొచ్చు జడలు కడుతుంది, కీళ్లవాతం ఉన్న వేళ్లతో ఆ చిక్కులు తీయడం నరకం. స్మూత్ కోలీలు బ్రిటన్‌లోనే అరుదైపోయాయి. దొరక్కపోతే, నెమ్మదైన పెద్ద వయసు రఫ్ కోలీని తెచ్చుకొని బొచ్చు పని డబ్బిచ్చి చేయించుకోవడం మేలు.

మందుల అలమర గురించి మాత్రం ప్రతి ఇంట్లోనూ గట్టిగా చెబుతాను. రఫ్, స్మూత్ కోలీల్లో చాలావాటికి ఎండీఆర్1 జన్యులోపం ఉంటుంది. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. కొన్ని మందులు మెదడులోకి వెళ్లకుండా ఆపే కాపలా ఈ కుక్కల్లో పనిచేయదు. ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ, కుక్కకు విరేచనాలవుతున్నాయని తాను వేసుకునే లోపెరమైడ్ మాత్రే దానికీ వేసింది. సాయంత్రానికి అది కాళ్లు నిలవక, చొంగ కారుస్తూ, పిలిచినా తల తిప్పని స్థితిలో నా బల్ల మీద ఉంది. బతికింది. ఈ లోపం ఉందో లేదో తేల్చడానికి బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి చేసే పరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు, కోలీని తెచ్చుకున్న వారంలోనే చేయించాలి.

ఒంట్లో బాగోలేని రోజున కుక్కను నడిపించడానికి ఇక్కడ సినమన్ ట్రస్ట్ వాలంటీర్లున్నారు, 1985 నుంచి పెద్దవాళ్ల కోసం ఈ సేవ చేస్తున్నారు. అయినా తమ తర్వాత ఎవరు చూస్తారని డాక్టరుగారి భార్య అడిగిన ప్రశ్నకు జవాబు ఇంట్లోవాళ్లే చెప్పాలి. అమ్మానాన్నలకు కుక్కపిల్లను కానుకగా ఇవ్వాలనుకునే కొడుకులకూ కూతుళ్లకూ నా మనవి ఇదే: వాళ్లు చూసుకోలేని రోజు వస్తే నేను తీసుకుంటానని ముందు కాగితం మీద రాసివ్వండి. అది రాయలేకపోతే కొనకండి.