దండెం తీగ చెప్పిన పాఠం



ఇంటర్‌లో మేమంతా ఒక లైను బట్టీ పట్టాం: వాహకం లోపల విద్యుత్ క్షేత్రం సున్నా. తర్వాతి పాఠంలో, తీగ లోపల క్షేత్రం ఉంటేనే కరెంటు పారుతుందన్నారు. రెండూ ఎలా నిజమని అడగడానికి సిగ్గుపడ్డాం. మార్కులొచ్చాయి, వదిలేశాం.

ఆ వానాకాలం ఊరెళ్తే మా పిన్నికి షాక్ కొట్టింది. సర్వీసు వైరు రేకు అంచుకి రాసుకుని రాసుకుని పైతొడుగు పోయింది. ఆ రేకుల బోల్టుకే జీఐ వైరుతో దండెం కట్టి ఉంది. తడి నేల మీద ఉత్తకాళ్లతో నిలబడి చీర ఆరేయబోయింది. మామయ్య ఇంట్లోంచి ఎండు వెదురు కర్ర తెచ్చి ఆమె చేతిని తప్పించాడు. చెయ్యి కాలింది, ప్రాణం దక్కింది.

"పొద్దుటి నుంచి దండెం అక్కడే ఉంది కదా, ఏ చప్పుడూ లేదే!" అంది అమ్మమ్మ.

అప్పుడు మాకు కొండ ఊట నుంచి వచ్చే నీళ్ల పైపు గుర్తొచ్చింది. కొళాయి కట్టేస్తే నీళ్లు కదలవు, కానీ ఒత్తిడి పైపంతా ఉంటుంది. దండెమూ అంతే. లోపల క్షేత్రం దాదాపు సున్నా అంటే ఈ చివరికీ ఆ చివరికీ వోల్టేజీ తేడా లేదని. అంటే తీగంతా 230 వోల్టులే! పిట్ట వాలినా ఏం కాదు. పిన్ని ముట్టుకోగానే భూమికి దారి దొరికింది. తీగలో చిన్న క్షేత్రం నిలిచింది, కరెంటు పారింది. మొదటి పాఠం కొళాయి కట్టేసినప్పటిది, రెండోది తిప్పినప్పటిది.

ఎలక్ట్రాన్లు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పరిగెత్తుకు రానక్కర్లేదు. లోహం నిండా ముందే ఉంటాయి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 1.5 ఆంపియర్ల డీసీ కరెంటు పారినా, అవి సెకనుకు మిల్లీమీటరులో పదో వంతే జరుగుతాయి. ఇళ్ల కరెంటులో సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతాయంతే. క్షేత్రం మాత్రం కనురెప్ప పాటు కూడా ఆగదు.

ఫ్యూజు కాపాడుతుందనుకోవద్దు. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే పారేది 0.23 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజుకి అది లెక్కే కాదు, గుండె ఆగడానికి చాలు. 30 మిల్లీ ఆంపియర్లకే ఆగిపోయే ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే మేలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఇంటికెళ్తే జీఐ దండెం విప్పేసి నైలాన్ తాడు కట్టండి. వైరు రేకుకి తగులుతుంటే ముట్టుకోకుండా లైన్‌మన్‌ని పిలవండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. క్లాసులో అర్థం కానిది ఆ రోజే అడగండి. మేం అడిగుంటే ఆ తీగ అక్కడ ఉండేది కాదేమో.