స్థానం వారికి నేనిచ్చే వేషాలు

రాత్రి భోజనాలయ్యాక మా హాస్టల్ వరండాలో ఒక కాలక్షేపం ఉంది. ఎవరి అభిమాన నటుడికి వాళ్లు వేషాలు పంచుతారు. మా హీరో కర్ణుడు వేస్తేనా! మా హీరో దుర్యోధనుడు వేస్తేనా! కేకలు, పందేలు. మొన్న నా వంతు వచ్చింది. ‘స్థానం నరసింహారావుగారు’ అన్నాను. ‘ఏ సినిమాలో ఉన్నాడ్రా?’ అన్నాడు నా రూమ్మేటు.

సినిమా కాదు నాయనా, నాటకం. 1902లో బాపట్లలో పుట్టి, మా వరండాలో ఎవరమూ పుట్టకముందే 1971లో కన్నుమూసిన మనిషి. 1920లో వాళ్ల ఊళ్లో హరిశ్చంద్ర ఆడేనాడు చంద్రమతి వేషధారి రాలేదు. ఈయన చీర కట్టుకుని రంగమెక్కారు. ఆ తర్వాత తెనాలి రామవిలాస సభలో సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి... రంగూనులో 1938లో బంగారు కిరీటం పెట్టారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పాడే పాట తలుచుకోండి, 1966లో సినిమాలో జమున అభినయించిందే. అది రాసుకున్నది కూడా స్థానం వారే.

ఇన్ని వేసినాయనకి నువ్విచ్చేదేమిట్రా అంటారు గదా! ఉన్నాయి.

మొదటిది కైక. పౌరాణిక నాటకంలో కాదు, మా బొంరాస్‌పేట వైపు ఆడే చిరుతల రామాయణంలో. ఊరి నడుమ గుండ్రంగా తిరుగుతూ, చిరుతలు వాయిస్తూ తెల్లవార్లూ ఆడతారు. అందులో కైక వచ్చిందంటే ముసలమ్మలు మెటికలు విరుస్తారు. కానీ ఆలోచించండి. సత్యభామ అలిగితే మనం ముచ్చటపడి నవ్వుతాం. కైక అలిగితే రాముడు అడవికి పోతాడు. అలక ఒక్కటే. నగలు విసరడం, మొహం తిప్పుకోవడం, మగడు బతిమాలడం, అన్నీ అవే. సత్యభామ అలకతో జనాన్ని నవ్వించిన ఆ మెడ విరుపే కైకకు పెట్టి చూడండి. నవ్వబోయిన జనం నోళ్లు సగంలోనే ఆగిపోవాలి. తిట్టుకునే మా ముసలమ్మలే ‘అయ్యో, దీనికెవరన్న చెప్పరాదె’ అనాలి. ఆ పని స్థానం వారే చేయగలరని నా నమ్మకం.

రెండోది మా పల్లె యక్షగానాల్లోని అల్లీరాణి. మగవాళ్లంటే గిట్టని రాణి. మగవాడే ఆమె వేషం కట్టి మగవాళ్లను ఈసడించడం భలే తమాషా. అంతకన్నా దాన్ని సాగదీయను.

మూడోది చంద్రమతి. ఆయన మొదటిరోజునే వేసింది గదా అనకండి. కాటిసీను మా ఊరి అరుగు ముందర, ఒక్క హార్మోనియంతో వేయాలి. అక్కడ ఇరవై ఏళ్లు చంద్రమతి వేసింది మా చిన్నాయన.

పగలు కంది చేలో గుంటక తోలే మనిషి. జుట్టు పెంచి ముడి వేసేవాడు, వేషాల కోసం. ఊళ్లో పోరగాళ్లు వెనక నుంచి ‘ఏమ్మో’ అని పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. నేను హాస్టల్లో చేరిన ఏడాది జొన్నరొట్టెలు, కందిపప్పు మూట పట్టుకుని వచ్చాడు. గడపలో నిలబడి కొంగు సర్దుకున్నట్టు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. రూమ్మేటు నవ్వు ఆపుకుంటూ ‘ఎవర్రా?’ అన్నాడు.

‘మా ఊరి మనిషి’ అన్నాను.

చిన్నాయన విన్నాడు. మూట మంచం కింద పెట్టి, ‘రొట్టెలు రేపటికి గట్టిపడ్తయి, ఇయ్యాల్నె తినుండ్రి’ అని చెప్పి బస్సుకు పోయాడు.

ఆ మరుసటి ఏడాది క్లాసులో మా తెలుగు లెక్చరరుగారు స్థానం వారి గురించి చెప్తుంటే నేను తల ఎత్తలేకపోయాను. అదే చీర, అదే చంద్రమతి. అక్కడ కిరీటం పెట్టారు. ఇక్కడ సొంత అన్న కొడుకు ‘ఊరి మనిషి’ అన్నాడు. గ్రంథాలయంలో దొరికినంతా చదివాను గాని, చదువుతున్నంతసేపూ గడపలో ఆ తువ్వాలే కనపడేది.

మొన్న వరండాలో నేను పంచిన వేషాలన్నీ ఫోనులో చిన్నాయనకు వినిపించాను. సగంలోనే ఆపి, ‘కైక సంగతి మంచిగ జెప్పినవ్‌రా. ఈసారి ఊర్ల చిర్తల రామాయణం వెడ్తున్నరు. కైక ఎయ్యమంటె, ముసలోణ్నయిన, ఏడ ఎగురుత అన్న. నువ్వొస్తనంటె ఏస్త’ అన్నాడు.

వస్తానన్నాను. రూమ్మేటు కూడా వస్తానంటున్నాడు, పల్లెటూరి ఆట ఎన్నడూ చూడలేదట. కైక ఎవరో వాడికింకా చెప్పలేదు. ఆ ప్రయాణంలోపు ఈ సంచిక చేతికొస్తే చదువుకుంటాడు.