ఫార్వర్డ్ చేసే ముందు

మా అత్తయ్యగారికి ఫోన్లో వచ్చిన ప్రతిదీ నిజమే. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివి, వెంటనే మా ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టేసేవారు. నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. అలా నవ్వే అర్హత నాకు లేదని 2018 వేసవిలో తెలిసింది.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని అప్పుడు ఒకటే ప్రచారం. బైకు మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుపోయే వీడియో నాకూ వచ్చింది. మా బాబుకి అప్పటికి ఆరేళ్ళు. గుండె గుభేలుమంది. "పిల్లలు జాగ్రత్త" అని రాసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశాను. రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు.

రెండ్రోజులకి, మధ్యాహ్నం కింద గొడవ. బాల్కనీలోంచి చూస్తే, పాతబట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ముసలమ్మ చుట్టూ పదిమంది మూగారు. మూట విప్పి రోడ్డు మీద గుమ్మరించారు. ఏళ్ళ తరబడి మా వీధికి వచ్చే మనిషే! పరుగున దిగాను. నన్ను చూసి, "నువ్వైనా చెప్పమ్మా, నేనెవరో" అంది. చెప్పాను. వదిలేశారు. గిన్నెలు ఏరి ఇస్తుంటే ఆమె చేతులు వణుకుతున్నాయి, నావీనూ. ఆ వీడియో పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నానని మాత్రం చెప్పలేకపోయాను.

తర్వాత పేపర్లో చదివాను. ఆ వీడియో అసలు మన దేశానిదే కాదట. పిల్లల భద్రత గురించి కరాచీలో తీసిన ప్రకటన. పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపే చివరి ముక్కని ఎవరో కత్తిరించేశారు. ఇలాంటి పుకార్లకి ఆ ఏడాది దేశంలో ఎందరో అమాయకులు బలైపోయారు. జోగుళాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరిగారు పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి మరీ జనానికి నచ్చజెప్పారు. ఊళ్ళో డప్పు కొట్టి చెప్పిన మాట, ఇంట్లో కాఫీల దగ్గర చెప్పుకోలేమా అనిపించింది.

"అది అబద్ధం అత్తయ్యా" అంటే ఆవిడ చిన్నబుచ్చుకునేవారు. అందుకే ఆవిడ తప్పు ఎత్తకుండా నా తప్పే చెప్పాను. ముసలమ్మ సంగతంతా విని చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో మూడు ప్రశ్నలు: ఎవరు చెప్పారు? ఎక్కడిది? ఎప్పటిది? జవాబు దొరక్కపోతే అది మన ఫోన్లోనే ఆగిపోవాలి. రెండు బాణాల గుర్తుంటే చాలా చేతులు మారిందని అర్థం, నిజమని కాదు. ఫోటో పాతదో కొత్తదో గూగుల్ లెన్స్‌లో ఎలా వెతకాలో ఈమధ్య మా బాబు నాయనమ్మకి నేర్పాడు.

మొన్న ఏదో ఉల్లిపాయ వైద్యం వచ్చింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఒరేయ్, ఇది ఏ డాక్టరు చెప్పాడో చూడు" అని మనవణ్ణి కేకేశారు.

ముసలమ్మ మాత్రం మళ్ళీ మా వీధికి రాలేదు. ఆమె కోసం తీసిపెట్టిన పాతబట్టల మూట ఇంకా అటక మీదే ఉంది.