ఇసుక తిన్నెల ఎండాకాలం

బూర్గంపాడులో సముద్రం లేదు. కొండమీద చల్లగాలీ లేదు. మే నెలలో పాదరసం నలభై అయిదు దగ్గర తచ్చాడుతూ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనిపించదు. అలాంటి ఊరికి సెలవులకు రమ్మంటే హైదరాబాద్ పిల్లలు ఎగిరి గంతేస్తారా? ఆ ఊళ్లో ఉంటున్న రిటైర్డు మాస్టారి మనవలు మాత్రం ఏటా వస్తారు. ఎనిమిది చదివే పిల్లాడు, నాలుగు చదివే పిల్ల. మొదటి రెండు రోజులూ ఫోన్‌లో సిగ్నల్ రావట్లేదని గొణుగుతారు. మూడోరోజు సాయంత్రం గోదారి ఇసుకలో కాలు పెట్టాక ఆ గొణుగుడు ఆగిపోతుంది.

వర్షాకాలంలో చూసినవాళ్లెవరూ వేసవి గోదావరిని అదే నది అంటే నమ్మరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ రెండుసార్లూ బూర్గంపాడు ఊళ్లోకి వచ్చిన నీళ్లు ఎంతెత్తున నిలిచాయో ఇప్పటికీ గోడల మీద చెయ్యి పెట్టి చూపించేవాళ్లున్నారు. అదే నది ఏప్రిల్‌కి ఓ మూలకి ఒదిగిపోయి, మిగతా చోటంతా ఇసుకకి వదిలేస్తుంది. పగలు కాలు పెట్టనివ్వని ఆ ఇసుక, పొద్దు గూట్లో పడ్డాక మెల్లగా చల్లారుతుంది. వెన్నెల రాత్రుళ్లు దాని మీద దుప్పటి పరుచుకుని పడుకుంటే ఏ ఏసీ గదీ అక్కర్లేదు.

అక్కడ పిల్లలకి మొదటి ఆట చెలమ తవ్వడం. మోచేతి లోతు తవ్వితే చెమ్మ తగులుతుంది. ఇంకాస్త తవ్వితే నీళ్లు ఊరతాయి. మొదట మట్టిరంగులో ఉంటాయి. వాటిని దోసిలితో తోడి పారబోస్తే రెండోసారి ఊరినవి తేటగా వస్తాయి. "ఇది ఫిల్టరా తాతయ్యా?" అని అడిగింది మనవరాలు. "ఫిల్టరే అమ్మలూ! మీ ఇంట్లో దానికైతే కరెంటు కావాలి" అన్నారాయన. వెనకటికి ఎండాకాలంలో ఊళ్లోని ఆడవాళ్లు బిందెలతో వచ్చి ఇలాంటి చెలమల నీళ్లే పట్టుకెళ్లేవారని అమ్మమ్మ చెబుతుంది. ఆవిడకి అది ఆట కాదు, నడుం నొప్పి జ్ఞాపకం.

ఇంతకీ ఈ తీరంలో ఒకటి కాదు, రెండు నదులు. కిన్నెరసాని ఊరి పక్కగా వచ్చి గోదావరిలో కలుస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' చదివినవాళ్లు ఆ పేరు వినగానే కాస్త మెత్తబడతారు. చదవని పిల్లలకి అది మోకాలి లోతు వాగు, అంతే. పైన పాల్వంచ దగ్గర దాని మీద కట్టిన జలాశయానికి మాత్రం ఒక పూట కేటాయించాల్సిందే. చుట్టూ కొండలు, నీళ్ల మధ్యలో దీవులు, గట్టు పక్కన జింకల పార్కు. చుట్టూ ఉన్న అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు. జలాశయంలో మొసళ్లున్నాయి. పొద్దున్నే వెళ్తే గట్టున ఎండ కాచుకుంటూ కనిపిస్తాయంటారు. మాస్టారి మనవడికి మాత్రం ఇంతవరకూ ఒక్కటీ కనిపించలేదు. వాడి దృష్టిలో ఆ మొసళ్లు తాతయ్య కట్టుకథ.

కొత్తవాళ్లకి ఇక్కడ ఒక మాట. 'భద్రాచలం రోడ్' అని టికెట్టు కొనుక్కుని రైలెక్కితే దిగేది కొత్తగూడెంలో. అక్కణ్నుంచి రాముడి దగ్గరికి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో రావాలి. రైల్వేవాళ్లు 'రోడ్' అన్న ముక్క ఊరికే తగిలించలేదు మరి!

భద్రాచలం గురించి కొత్తగా చెప్పేదేముంది? తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించడం, గోల్కొండ చెరసాల, శ్రీరామనవమినాడు ముత్యాల తలంబ్రాలు... తెలుగువాళ్లకి ఉగ్గుపాలతో వచ్చిన కథలివి. కానీ మాస్టారు మనవలకి సారపాక వంతెన మీద ఆటో ఆపించి చెప్పే కథ వేరు. అది గుళ్లో ఎవరూ చెప్పరు.

"ఏరా, ఇప్పుడు మనం ఏ దేశంలో ఉన్నాం?"

"ఇండియాలో."

"మీ ముత్తాత ఇక్కడ పడవెక్కితే ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లీషువాళ్ల రాజ్యం. దేవుణ్ని చూడాలంటే సరిహద్దు దాటాలి."

ఇది కథ కాదు, చరిత్రే. 1860లో నిజాం ఎడమగట్టు మీదున్న భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకి ఇచ్చేశాడు. బూర్గంపాడు ఉన్న కుడిగట్టు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇవతల హాలీ సిక్కా చెల్లేది, అవతల కల్దారు రూపాయి. స్వాతంత్ర్యం వచ్చి, రాష్ట్రాలు ఏర్పడ్డాక కూడా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. 1959లోగానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఆ తర్వాత వంతెన వచ్చింది. రెండు గట్లూ ఒకటయ్యాయి. అప్పటికి గీత చెరిగిపోయిందనుకున్నారు.

2014లో మళ్లీ గీశారు. పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు అటు వెళ్లాయి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వెళ్లాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయి, చుట్టూ ఉన్న పల్లెలు అటు వెళ్లిపోయాయి. బూర్గంపాడు మండలాన్ని కూడా రెండు ముక్కలు చేశారు. ఊరూ, సారపాకా, ఇంకొన్ని గ్రామాలూ ఇటు. శ్రీధర వేలేరు, ఇబ్రహీంపేట లాంటివి అటు. ఒకే మండలాఫీసుకి తిరిగినవాళ్లు వేర్వేరు రాష్ట్రాల వాళ్లయ్యారు. పెళ్లిళ్లూ పేరంటాలూ ఆగలేదనుకోండి. చుట్టరికాలకి సరిహద్దుతో పనేముంది? కానీ వేసవిలో షికారుకి బయల్దేరిన ఆటో ఒక పూటలో రెండు రాష్ట్రాలు తిరిగొస్తుంది. మనవరాలికి అదో సరదా. "ఇప్పుడు ఆంధ్రా... ఇప్పుడు తెలంగాణ" అని లెక్కపెడుతుంది.

అవతలి గట్టున పర్ణశాల ఉంది. భద్రాచలం నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లు. సీతమ్మ నారచీర ఆరేసిన గుర్తులని బండమీద చారలు చూపిస్తారు. రాముడి కుటీరం, బంగారులేడి బొమ్మలు పిల్లలకి నచ్చుతాయి. దారిలో దుమ్ముగూడెం వస్తుంది. అక్కడ దిగేవాళ్లు తక్కువ, దిగాల్సిన చోటు మాత్రం అదే. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆగిపోలేదు. గోదావరి మీదుగా వార్ధా దాకా పడవలు నడిపి, బేరారు పత్తిని సముద్రానికి చేర్చాలన్నది ఆయన ఆలోచన. నదికి అడ్డంగా ఉన్న రాతి పరుపులను తప్పించడానికి ఆనకట్ట కట్టారు, కాలువ తవ్వారు, పడవలు దాటించే లాకులు పెట్టారు. ఏళ్ల తరబడి పనులు సాగాయి. ఈలోగా రైళ్లొచ్చాయి. 1871లో ఆ పథకాన్ని మూటకట్టేశారు. ఆనకట్ట మిగిలింది. పత్తి పడవలు రాలేదు. సర్కారు పథకాలు మధ్యలో ఆగడం నిన్నా మొన్నా మొదలైంది కాదని మాస్టారు ఓ చురక వేశారు. మనవడికి అర్థం కాలేదు. ఆటో డ్రైవరు మాత్రం గట్టిగా నవ్వాడు.

ఇక తిండి సంగతి. ముంజెల కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఊరి చివర తాళ్లుంటే చాలు. బొటనవేలితో పొడుచుకుని నీళ్లు జుర్రుకోవడం నేర్చుకోడానికి హైదరాబాద్ పిల్లలకి మూడు చొక్కాలు ఖర్చవుతాయి. అడవి అంచుకెళ్తే తునికి పండ్లు. ఆ చెట్టు ఆకే బీడీలకి వెళ్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ సెలవులు పట్నం పిల్లలకే, కోయ గూడేల పిల్లలకి కాదు. తెల్లారకముందే అమ్మానాన్నలతో అడవికి వెళ్లి ఆకు కోస్తారు. ఇంటికొచ్చి యాభై ఆకులకి ఒక కట్ట కట్టి, కల్లానికి మోసుకెళ్తారు. అంతకుముందు ఇప్పపువ్వు ఏరతారు. రాత్రి రాలిన పువ్వుని ఎండ ముదరకముందే ఏరుకోవాలి. మనవరాలు ఓసారి కల్లం దగ్గర తన ఈడు పిల్ల కట్టలు కడుతుంటే పక్కన కూర్చుంది. గంటలో తను కట్టినవి రెండు. ఆ పిల్లవి లెక్కలేదు. తిరిగొచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు.

సరదాలో సగం జాగ్రత్త. ఇదెవరూ కరపత్రాల్లో రాయరు. గోదావరి వేసవిలో మోకాలి లోతే కదా అని దిగుతారు. నాలుగడుగులు వేస్తే నిజంగా మోకాలి లోతే. అయిదో అడుగు మడుగులో పడుతుంది. వరద వెళ్లిపోతూ ఇసుకని ఒకచోట కుప్పేసి, ఇంకోచోట కోసేస్తుంది. దానికి తోడు మనుషులు ఇసుక తవ్విన గోతులుంటాయి. నీళ్ల పైనుంచి చూస్తే తేడా తెలియదు. గోతి అంచున ఇసుక కాలికింద జారిపోతుంటే ఈత వచ్చినవాడికీ పట్టు దొరకదు. నిరుడు దిగిన చోటే కదా అనుకోవడమూ తప్పే, నిరుటి నది ఈ ఏడు ఉండదు. దిగేముందు ఆ ఊరి జాలరిని అడగాలి. కర్ర పొడిచి చూడాలి. పిల్లల్ని వదిలేసి గట్టున సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదు. మాస్టారు మనవల్ని వాళ్ల నడుం లోతు దాటి దిగనివ్వరు. ఈ విషయంలో అల్లుడి మాట కూడా వినరు.

అలాంటి మనిషికి గత వేసవిలో కూతురితో పేచీ వచ్చింది. పిల్లల్ని పాపికొండలకి తీసుకెళ్తానన్నారు. కూతురు ఫోన్‌లోనే కస్సుమంది. "కచ్చులూరు మర్చిపోయారా నాన్నా?"

ఎవరు మర్చిపోతారు? 2019 సెప్టెంబర్ 15న, వరద ఉద్ధృతంగా ఉన్న ఆదివారం నాడు దేవీపట్నం వైపు నుంచి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. యాభై మంది దాకా చనిపోయారు. వాళ్లలో వరంగల్, హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత బోట్లు చాలాకాలం ఆపేశారు. కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీలు మొదలుపెట్టాకే మళ్లీ వదిలారు.

మాస్టారి వాదన ఆయనకుంది. అది సెప్టెంబరు, ఇది మే. వరదలో తిరిగే సుడులు వేసవిలో ఉండవు. అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకొకటి. పోలవరం పూర్తిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నింపుతామంటున్నారు. నది అడ్డుకట్ట పడ్డప్పటినుంచే ఎగువన నీళ్ల తీరు మారిపోయింది. పేరంటపల్లి శివాలయం, కొండల మధ్య సన్నగా పారే పాత గోదారి, ఒడ్డున గూడేలు... పిల్లలు పెద్దయ్యాక చూద్దామనుకుంటే అక్కడ ఉండేది నది కాదు, చెరువు. 2006లో 'గోదావరి' సినిమా వచ్చాక లాంచీ ప్రయాణాలకి ఎగబడ్డ జనం చూసిన తీరాల్లో చాలాభాగం నీళ్లకి పోతుంది. అక్కడి మనుషులు ముందే కాలనీలకి వెళ్లిపోతున్నారు. షికారుకొచ్చినవాడికి పోయేది ఒక దృశ్యం. వాళ్లకి పోయేది ఊరు.

"చూపించకపోతే వీళ్లకి నేనేం చెప్పాలే? ఫొటో చూపించి కథ చెప్పనా?" అన్నారాయన ఫోన్‌లో.

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "అమ్మకివ్వండి" అని వినిపించింది. అమ్మమ్మ ఎప్పుడూ నీళ్లంటే భయపడే మనిషి. కిన్నెరసాని జలాశయంలో బోటెక్కమంటే గట్టునే కూర్చుంటుంది. ఫోన్ తీసుకుని ఊఁ కొట్టింది. మళ్లీ ఊఁ కొట్టింది. "నేనూ వెళ్తున్నాలే. నేను చూసుకుంటా" అని పెట్టేసింది. మాస్టారు ఆశ్చర్యంగా చూస్తే, "ముప్పై ఏళ్ల కిందట తీసుకెళ్తానని తీసుకెళ్లలేదు మీరు" అంది.

తెల్లవారుజామున బయల్దేరారు. కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలిసేచోట ఆగి ఇడ్లీలు తిన్నారు. పోచవరం రేవుకి చేరేసరికి ఎండ ముదిరింది. మాస్టారు లాంచీ ఎక్కకముందే లైఫ్ జాకెట్లు లెక్కపెట్టారు. మనుషుల్ని లెక్కపెట్టారు. మళ్లీ జాకెట్లు లెక్కపెట్టారు. సరంగు విసుక్కోలేదు. అలా లెక్కపెట్టేవాళ్లు ఇప్పుడు రోజూ ఒకరిద్దరు ఉంటారన్నాడు.

మనవడు జాకెట్టు ఉక్కపోస్తోందన్నాడు. అమ్మమ్మ వాడి మాట వినిపించుకోలేదు. పిల్ల జాకెట్టు తాళ్లు మూడుముళ్లేసి, వాడివి కూడా బిగించి, చివరికి తన చీరమీద తనది వేసుకుంది. "నాకెవరు కడతారు?" అంది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని ముడి వెయ్యడానికి వంగారు. లాంచీ రేవు వదిలింది.